తోక లేని ఇంగ్లీషు మాట

ఆదివారం

ఇందుమూలంగా సమస్త ప్రజానీకానికి తెలియజేయునది ఏమనగా: నేటి నుంచి ఈ ఇంట్లో నా దువ్వెన నాదే. దానితో మా అక్క తన చిక్కులు తీసుకోరాదు. నా సబ్బు మీద ఆవిడ సబ్బు ముక్క అతికించరాదు. నేను అద్దం ముందు నిలబడినప్పుడు వెనకనుంచి వచ్చి "ఎవరి కోసంరా ఈ సింగారం" అని అడగరాదు. ఈ శాసనాన్ని ధిక్కరించినవారి కాఫీలో ఉప్పు పడును. మొన్న పడినట్టే.

సమస్త ప్రజానీకం అంటే నేనొక్కణ్ణే. ఈ డైరీ ఇంకెవరూ చదవరు. అక్కకి కళ్ళజోడు లేకపోతే అక్షరం కనబడదు, ఆ కళ్ళజోడు ఎక్కడుందో నాకు మాత్రమే తెలుసు.

అసలు సంగతి పక్కన పెట్టి దువ్వెన గురించి రాస్తున్నానని నాకు తెలుసు. సరే, రాస్తాను.

నిన్న గడియారాలావిడ షాపు బోర్డు వెలిసిపోయిందని నిచ్చెన వేసి అక్షరాలు దిద్దుతున్నాను. లోపల ఆవిడ ఎప్పటిలాగే కంటికి భూతద్దం బిగించుకుని ఏదో గడియారం పొట్ట విప్పుతోంది. పళ్ళ డాక్టరు వచ్చాడు, తన ఆసుపత్రి గోడగడియారం చంకన పెట్టుకుని. నేను నిచ్చెన మీద ఉన్నానని చూసుకోలేదు.

"మీరిలా ఒక్కరే ఎన్నాళ్ళుంటారు? ఆలోచించుకుని చెప్పండి. గురువారం వస్తాను" అన్నాడు.

నా ఈ రెండు చెవులతో విన్నాను. నేను చదివింది ఏడో తరగతే కాని నా చెవులు పెద్ద చదువులు చదివాయి. చేతిలో బ్రష్షు జారి ఆయన తెల్ల చొక్కా పక్కనుంచి పడింది. ఎందుకు పక్కనుంచి పడిందా అని ఇప్పటికీ బాధగానే ఉంది.

నాకేమిటట? ఏమీ లేదు. ఊరికే రాశాను.

సోమవారం

ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు. గడియారాల షాపు మీదుగా వెళితే రంగుల కొట్టుకి దూరం ఎక్కువ. ఆ దారినే వెళ్ళాను.

మంగళవారం

నా గడియారం ఆగిపోయింది. నేనే ఆపాను, కీ పైకి లాగి. పట్టుకుని వెళ్ళాను.

ఆవిడ చూసి, కీ లోపలికి నొక్కి, తిరిగి ఇచ్చింది.

"మళ్ళీ ఆగిపోయిందా పెయింటరుగారూ?"

"అవునండీ. పాతదయింది కదా."

"గడియారం పాతది కాదు. గడియారానికి పట్టిన మనిషే పాతవాడు. పనుంది, వెళ్ళండి."

ఇలా ఎవరైనా తిడితే నేను నాలుగు తిట్లు తిరిగి అంటించకుండా ఊరుకోను. ఈవిడ తిడితే మాత్రం, ఇంకా తిడుతుందేమోనని కాసేపు నిలబడతాను. నలభై దాటిన మనిషి. తండ్రి పోయాక షాపు తనే నడుపుతోంది. గోడ నిండా గడియారాలు, ఒక్కొక్కటి ఒక్కో టైము చూపిస్తుంది. ఏది నిజమో ఆవిడకొక్కదానికే తెలుసు. ఆ మనిషి గురువారం పళ్ళ డాక్టరుకి ఏం చెబుతుంది?

డాక్టరు మంచివాడే. అదే చిక్కు.

బుధవారం

పెద్ద హోటలు వాళ్ళకి బాత్రూము తలుపుల బోర్డులు ఇచ్చి వచ్చాను. ముదురు నీలం మీద తెల్ల అక్షరాలు. ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట: ఎంగేజ్డ్. అంటే లోపల మనిషి ఉన్నాడు, తలుపు కొట్టకు అని. మేనేజరు లెక్క సరిగ్గా చెప్పలేక ఒక బోర్డు మిగిలింది. దాన్ని తుడిచి, వార్నిషు వేసి, గొలుసు తగిలించాను.

ఎందుకో రాయను.

గురువారం

రాస్తాను. నవ్వాగడం లేదు.

పొద్దున్నే ఆవిడ షాపు తెరిచి లోపల దుమ్ము దులుపుతుంటే, అద్దానికి బయట వైపు ఆ బోర్డు వేలాడదీశాను. లోపలినుంచి చూస్తే చెక్క వీపు తప్ప ఏమీ కనబడదు. పక్కనున్న పంక్చర్ల కొట్టు బల్ల మీద కూర్చుని టీ తాగుతూ కాపు కాశాను.

డాక్టరు వచ్చాడు. బోర్డు చూశాడు. ఆగాడు. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చదివాడు. ముఖం ఇంత చేసుకుని లోపలికి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"చాలా సంతోషమండీ! మాటమాత్రం చెప్పలేదే! మా ఇంట్లో తెలిస్తే ఎంత సంబరపడతారో!"

"దేనికండీ?" అంది ఆవిడ, భూతద్దం కంటికుండగానే.

"దాచకండి, దాచకండి" అంటూ గడియారం తీసుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నవ్వుకుంటూ! ఎంత గుండె దిటవు మనిషికి! లోపల ఎంత కుమిలిపోతున్నాడో. తోక ముడవడంలో కూడా ఒక పద్ధతి ఉందని ఆయన్ని చూసి నేర్చుకోవాలి.

మా ఇంట్లో అన్నాడే, ఆయన ఇంట్లో ఎవరున్నారు? పళ్ళ సెట్లు ఉంటాయి.

అదే రోజు, సాయంత్రం

అక్క కూరల సంచీ దించకుండానే మొదలెట్టింది.

"ఒరేయ్, గడియారాలమ్మాయికి పెళ్ళి కుదిరిందటరా! పళ్ళ డాక్టరు స్వయంగా చెప్పాడు. బోర్డు కూడా పెట్టేసుకుందట!"

"ఏ బోర్డు?" అన్నాను, నోట్లో నాలుక లేనివాడిలా.

"ఎంగేజో ఏదో. నువ్వు రోజూ అటే పోతావుగా, చూళ్ళేదూ?"

"అది బాత్రూము మాట కదే అక్కా."

"నీ బుద్ధి ఎప్పుడూ అక్కడే ఉంటుంది" అని సంచీతో వీపు మీద ఒకటిచ్చింది. అందులో గుమ్మడికాయ ఉంది.

శుక్రవారం

నాకు ఈ మాటకి రెండో అర్థం ఉందని తెలియదని ఇక్కడ రాద్దామనుకున్నాను. డైరీ కూడా నవ్వుతుందని మానేశాను. తెలుసు. కాని ఎంత తెలుసో చూసుకుందామని మేడ మీది టీచరమ్మ దగ్గరికి వెళ్ళాను. పిల్లలకి ఇంగ్లీషు చెప్పి చెప్పి రిటైరయిన మనిషి. ఇప్పుడు పిల్లలు లేక వీధిలో వాళ్ళకి తప్పులు దిద్దుతుంది.

"టీచరుగారూ, ఎంగేజ్డ్ అంటే ఏమిటండీ?"

"ఒట్టి మాటకి అర్థం నిలవదయ్యా పెయింటరూ. దానికి తోక కావాలి. 'ఇన్' అని తోక పెట్టావనుకో, ఏదో పనిలో మునిగి ఉన్నారని. 'టు' అని పెట్టావనుకో, ఫలానా మనిషికి మాటిచ్చారు, పెళ్ళి చేసుకోబోతున్నారని."

"ఫలానా మనిషితో అనాలి కదండీ? మరి 'విత్' కదా?"

"అదిగో! అందరూ చేసే తప్పే చేశావు. మనం 'తో' అంటాం కదాని అక్కడ 'విత్' తగిలిస్తారు. పెళ్ళికి 'టు' మాత్రమే. టి, ఓ."

"టి, ఓ అంటే 'తో' అనే కదండీ? మా వాళ్ళు ఫోన్లో తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే 'తో'ని అలాగే కొడతారు."

టీచరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నీకు నేను పాఠం చెప్పలేదు కాబట్టి బతికిపోయాను" అంది.

అయితే నా బోర్డుకి తోక లేదు. ఎవరికి కావలసిన తోక వాళ్ళు పెట్టుకుని చదువుతున్నారు.

శనివారం

వీధంతా పెళ్ళి తోకే పెట్టుకుంది.

ఆవిడ మాత్రం ఫోను లైను ఎంగేజ్ అంటారు కదా, అదే అనుకుందట. "మంచి పని చేశారు పెయింటరుగారూ, పనిలో ఉండగా పలకరించేవాళ్ళు తగ్గుతారు" అంది పొద్దున. మధ్యాహ్నానికి అక్క వెళ్ళి పెళ్ళికొడుకు ఎవరమ్మా అని అడిగేసింది. ఆవిడ "బోర్డు రాసినాయన్నే అడగండి" అందట.

అడిగారు. అక్క, టీచరమ్మ, పంక్చర్ల కొట్టువాడు, ముగ్గురూ కలిసి నన్ను గోడకి నొక్కారు.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామని నోరు తెరిచాను. "ఓడలో ఇంజనీరు" అని వచ్చింది. ఓడ అయితే మనిషి ఇప్పట్లో కనబడక్కర్లేదు కదా.

"పొడుగా?" అంది అక్క.

"పొడుగే."

"మీసాలు?"

"ఉన్నాయి."

"చదువు?"

"ఓడ నడపాలంటే ఉండొద్దూ?" అంది టీచరమ్మ, నా తరఫున.

ఆదివారం

ఓడవాడు రాత్రికి రాత్రి పెరిగిపోయాడు. నేను మీసాలు ఇచ్చానంతే. పాటలు కూడా పాడతాడని పంక్చర్లవాడు చేర్చాడు. వంట బాగా చేస్తాడని అక్క చేర్చింది. వాడికి నాలుగు భాషలు వచ్చని టీచరమ్మ నాకే చెప్పింది, రహస్యమని.

భోజనాల దగ్గర అక్క నా వంక చూసి నిట్టూర్చింది. "మనిషంటే అలా ఉండాలిరా. నువ్వూ ఉన్నావు, ఎందుకు? గోళ్ళలో రంగు, తల మీద రంగు."

నేను పుట్టించిన మనిషిని చూపించి నన్నే తిడుతున్నారు. ఇంత అన్యాయం ఇంకెవడికైనా జరిగిందా?

సోమవారం

ఓడవాడికి ఈత రాదని చెప్పి చూశాను. "పాపం, ఎంత ధైర్యం!" అన్నారు.

మంగళవారం

వాడి మీసాలు పెట్టుడు మీసాలని చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. నామీదే అనుమానంగా చూశారు, కుళ్ళు అన్నట్టు.

కుళ్ళే. ఇక్కడైనా ఒప్పుకోకపోతే ఎక్కడ ఒప్పుకోను? ఆవిడ నిజంగా ఎవరినో చేసుకుని షాపుకి తాళం వేసి వెళ్ళిపోతే ఆ వీధిలో నాకు దారే ఉండదు. రంగుల కొట్టుకి దగ్గరి దారిన నడవాల్సి వస్తుంది.

బుధవారం

పిలిపించింది.

వెళ్ళాను. బోర్డు తీసి బల్ల మీద బోర్లా పడుకోబెట్టి ఉంది.

"కూర్చోండి. మా ఆయన ఎలా ఉన్నాడు?"

"ఎవరండీ?"

"ఓడలో ఆయన. మీసాలాయన. నాకు కబురే లేదు, మీకే అన్నీ తెలుస్తున్నట్టున్నాయి."

నేను నేల చూశాను. నేల మీద ఏదో సన్నటి స్క్రూ పడి ఉంటే తీసి ఇచ్చాను. తీసుకుంది గాని మెత్తబడలేదు.

"పని చేయించుకునేవాళ్ళు రావడం మానేశారు. వచ్చినవాళ్ళు నా వేళ్ళు చూసి, ఉంగరం ఏదమ్మా అని అడిగి పోతున్నారు."

"ఓడవాడు మనసు మార్చుకున్నాడని చెప్పేస్తానండీ. ఇవాళే చెప్పేస్తాను."

"చెప్పండి. రేపట్నుంచి వీధంతా నన్ను చూసి అయ్యో పాపం అంటుంది. నాన్న పోయినప్పుడు అన్నారు. ఏడ్చి ఊరుకుందామన్నా ఊరుకోనిచ్చారు కాదు. ఇంకోసారి ఒక్కరు నా వంక జాలిగా చూశారంటే, మీ బ్రష్షులన్నీ విరిచి మీ చేతికే ఇస్తాను."

నవ్వు రాలేదు నాకు. ఇన్నాళ్ళూ నా వేళాకోళం డాక్టరు మీదే అనుకున్నాను. చివరికి వచ్చి ఈవిడ నెత్తిన పడింది.

"అసలు ఇది నాకెందుకు తగిలించారు? ఏ తలుపుకి రాసిందో నాకు తెలియదనుకోకండి. వెనకాల పెన్సిలుతో మీ చేత్తోనే రాసుంది, 'ఆడవాళ్ళ బాత్రూము, రెండో అంతస్తు' అని."

"తుడిచాననుకున్నానండీ."

"తుడిచేది కాదు నేను అడుగుతున్నది. బాత్రూము మాట తెచ్చి నాకు కడతారా?"

"అర్థం ఒకటేనండీ" అన్నాను. ఎలా అన్నానో తెలియదు.

"ఏమిటా అర్థం?"

"లోపల మనిషి ఉన్నారని. ఇంకెవరూ తలుపు తట్టొద్దని."

గోడ మీద గడియారాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటున్నాయి. ఆవిడ కంటినుంచి భూతద్దం తీసింది. అది ఉన్న చోట గుండ్రంగా ఎర్రటి గుర్తు.

"ఎవరి లోపల?" అంది.

నేను బోర్డు వెనకాల పెన్సిలు రాతని బొటనవేలితో తుడవడం మొదలెట్టాను.

"రేపు పొద్దున బ్రష్షు పట్టుకుని రండి. తోక లేకపోబట్టే కదా ఈ గొడవంతా అని టీచరుగారు చెప్పారు. రెండక్షరాలు కలిపి పొండి."

"ఏ రెండక్షరాలండీ?"

"రాసేది మీరు. నన్నడుగుతారేం?"

గురువారం

'ఇన్' కూడా రెండక్షరాలే. 'టు' కూడా రెండక్షరాలే.

ఇన్ అని రాస్తే గొడవ లేదు. "పనిలో ఉన్నాను" అని బోర్డు, పెయింటరు వెధవ సగమే రాశాడని అందరూ నన్ను చూసి నవ్వుతారు. ఓడవాడు పుట్టనే లేదు కాబట్టి పోయేదీ లేదు, ఆవిణ్ణి అయ్యో అనేవాళ్ళూ ఉండరు. అన్ని విధాలా బుద్ధిమంతుడి తోక. ఇంటినుంచి షాపుదాకా 'ఇన్' అనే అనుకుంటూ నడిచాను.

బోర్డు బయట కుర్చీ మీద నిలబెట్టి ఉంది. అక్క, టీచరమ్మ నాకంటే ముందే వచ్చి నిలబడ్డారు. పని లేనివాళ్ళకి ఎవరు చెబుతారో ఏమో.

బ్రష్షు ముంచాను. అడ్డగీత గీశాను. గీశాక చూసుకుంటే అది పైన ఉంది. 'ఐ'కి అడ్డగీత అక్కర్లేదు కదా. చెయ్యి నాకంటే ముందే నిర్ణయించుకుంది. నిలువు గీశాను. పక్కన సున్నా చుట్టాను.

"టి, ఓ" అంది టీచరమ్మ. "టు."

"తో" అంది అక్క. "ఎవరితోరా? ఓడబ్బాయి పేరేమిటి?"

ఆవిడ బయటికి వచ్చింది. చేతులు తుడుచుకుంటూ చదివింది.

"ఎంగేజ్డ్ తో. బాగానే ఉంది. తర్వాత?"

"జాగా అయిపోయిందండీ."

"ఓడాయన పేరు అంత పొడుగా?"

"ఓడాయన మునిగిపోయాడండీ."

"అయ్యో. ఎవరు చూశారు?"

"నేనే ముంచాను."

అక్క "ఆఁ?" అంది. టీచరమ్మ అక్క మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. అందుకే చదువుకున్నవాళ్ళంటే నాకు గౌరవం.

ఆవిడ లోపలికి వెళ్ళి భూతద్దం తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆ మూల ఇంత జాగా ఉంది. సన్నంగా రాయండి. వీధి చదవక్కర్లేదు, నేను చదివితే చాలు."

మొట్టమొదటిసారి భూతద్దం కంటికి పెట్టుకున్నాను. ప్రపంచమంతా నా బ్రష్షు కొసంత అయింది. 'ఓ' పక్కన, చీమ కూడా తప్పుకుని నడవాల్సినంత సన్నగా, నా పేరు రాశాను. ఈ చేత్తో ఎన్ని షాపులకి మనిషెత్తు అక్షరాలు రాశానో, ఇంత కష్టం ఎప్పుడూ పడలేదు.

భూతద్దం తీసుకుని వంగింది. చాలాసేపు చూసింది. అక్క కాలు మార్చి కాలు వేస్తూ నిలబడింది.

"మీ పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది పెయింటరుగారూ."

"భూతద్దం అలవాటు లేదండీ. చెరిపి మళ్ళీ రాయనా?"

"వద్దు. ఉండనివ్వండి" అని బోర్డు తనే తీసుకుని వెళ్ళి అద్దానికి తగిలించింది. లోపలి వైపుకి కాదు. వీధి వైపుకే.

శుక్రవారం

అక్క పొద్దుటినుంచి మాట్లాడలేదు. ఇప్పుడే వచ్చి నా దువ్వెన కడిగి ఇచ్చి పోయింది.

ఇంకొక్క ముక్క రాసి మూసేస్తాను. పళ్ళ డాక్టరు ఆవిణ్ణి అలా అడగలేదు. "ఒక్కరే ఎన్నాళ్ళుంటారు" అన్న మాట మొత్తం నేనే కల్పించి మొదటిరోజు ఇక్కడ రాసుకున్నాను. ఎవరో అడిగేశారనుకుంటే తప్ప నా కాళ్ళు కదిలేలా లేవు. రాసి నాలుగుసార్లు చదువుకునేసరికి నిజంగా విన్నట్టే ఉంది, ఒళ్ళు మండింది కూడా. ఆ రోజు ఆయన అడిగింది గడియారం ఎప్పటికవుతుందని. ఆయన కూడా కాదు, పక్కన నిలబడ్డ ఆయన భార్య అడిగింది.